ఎల్. శంకర్ దారిలో వెళ్తానంటోంది మా అమ్మాయి – ఆ దారి ఎలాంటిది?

కాకినాడ_నాన్న
మా అమ్మాయికి పదిహేడేళ్ళు. తొమ్మిదేళ్ళుగా ఫిడేలు నేర్చుకుంటోంది. వర్ణాలు, పంచరత్నాలు అయిపోయాయి, ఈ మధ్య గురువుగారు గుళ్ళో కచేరీలకు పక్కవాద్యానికి కూడా పంపుతున్నారు. రెండు నెలల క్రితం ఎవరో స్నేహితురాలు శక్తి అనే సంగీత బృందం 1975లో వాయించిన ‘జాయ్’ అనేది ఫోన్లో పంపింది. అంతే, అప్పటినుంచి ఇంట్లో వేరే మాట లేదు. ఎల్. శంకర్ అట, రెండు మెడలు పది తీగలు ఉన్న ఫిడేలు అట. ఇప్పుడు తనకి ఎలక్ట్రిక్ ఫిడేలు కావాలి, ఇంటర్ అయ్యాక ప్రయోగాలు చేసే సంగీతంలోకే వెళ్తానంటోంది. ఈ సంగతి గురువుగారి చెవిన పడింది, మూడు క్లాసులు పాఠం చెప్పారు కానీ ఆ పిల్లతో మాట్లాడలేదు. పిల్ల ఏడుస్తూ ఇంటికి వచ్చింది.

నేను బ్యాంకులో పని చేస్తాను, సంగీతం వింటాను తప్ప తెలియదు. తెలిసినవాళ్ళు చెప్పండి. ఈ శంకర్ గారి జీవితం ఎలా నడిచింది? దాన్ని కెరీర్ అనొచ్చా? అంత వాయించిన మనిషి అయితే మా ఊళ్ళో సంగీతం తెలిసిన నలుగురిని అడిగితే ముగ్గురికి పేరు కూడా ఎందుకు తెలియలేదు?

కుర్రకారు99
నేను సినిమా డైరెక్టర్ శంకర్ అనుకుని వచ్చాను. కానీ ఉంటాను, ఆ ‘జాయ్’ ఇప్పుడే పెట్టాను, ఇదేంటండీ బాబూ ఆ స్పీడు.

పాతక్యాసెట్
మీ అమ్మాయి మంచిదాన్నే పట్టుకుంది. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు మద్రాసులో ఓ స్నేహితుడి గదిలో అదే రికార్డు విన్నాను, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

పూర్తి పేరు లక్ష్మీనారాయణ శంకర్. 1950లో మద్రాసులో పుట్టారు, చిన్నతనం శ్రీలంకలోని జాఫ్నాలో. నాన్నగారు వి. లక్ష్మీనారాయణ అక్కడ సంగీతం నేర్పేవారు. 1958లో అక్కడ గొడవలు జరిగాక కుటుంబం మద్రాసుకి వచ్చేసింది. అన్నదమ్ములు ముగ్గురూ ఫిడేలే. పెద్దాయన ఎల్. వైద్యనాథన్, తర్వాత ఎల్. సుబ్రహ్మణ్యం, తర్వాత ఈయన. ముగ్గురూ కలిసి కచేరీలు చేసేవారు. ఫిడేలు ఎప్పుడూ పాటగాడి పక్కన కూర్చునే వాద్యంగానే ఉండిపోకూడదు, ఒంటరిగా నిలబడాలి, బయటి దేశాలకీ వెళ్ళాలి అన్నది ఆ నాన్నగారి పట్టుదల. ముగ్గురు కొడుకులూ మూడు దారుల్లో అదే పని చేశారు.

శంకర్ 1969లో అమెరికా వెళ్ళారు. కనెక్టికట్‌లో వెస్లియన్ యూనివర్సిటీ. అక్కడ 1974లో డాక్టరేట్. ఆ పరిశోధన దేని మీదో మీ గురువుగారికి తప్పకుండా చెప్పండి: దక్షిణాది గాత్ర కచేరీలో ఫిడేలు పక్కవాద్యం వాయించే కళ మీద! అంటే రెండు మెడల ఫిడేలు పట్టుకున్న మనిషి అంతకుముందు కొన్నేళ్ళు కూర్చుని రాసింది పాటగాడి వెనకాల ఎలా నడవాలి అన్నదాని గురించి.

అదే యూనివర్సిటీలో ఎస్. రామనాథన్ గారి దగ్గర ఇంగ్లండ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ వీణ నేర్చుకునేవాడు. రామనాథన్ గారు శంకర్‌కి దగ్గరి బంధువు. అలా పరిచయమై, తబలా జాకీర్ హుస్సేన్, ఘటం విక్కు వినాయక్‌రామ్‌తో కలిసి శక్తి పుట్టింది. మీ అమ్మాయి విన్నది 1975 జులైలో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో ఒక కాలేజీలో జరిగిన కచేరీ. మొదటి పాట పద్దెనిమిది నిమిషాలు, చివరిది ఇంకా పెద్దది. మృదంగం రామనాథపురం రాఘవన్ గారు. మూడు రికార్డులు చేసి 1978 నాటికి విడిపోయారు.

మృదంగం_మూర్తి
పైన చెప్పినదానికి ఒక్క మాట చేరుస్తా. ఆ కచేరీలో శంకర్ వాయించింది మామూలు నాలుగు తీగల ఫిడేలే. పది తీగలది తర్వాతి కథ. కాబట్టి మీ పాపకి నచ్చిన శబ్దానికి ఎలక్ట్రిక్ అక్కర్లేదని ముందు తెలియాలి.

కాకినాడ_నాన్న
ఇది నాకు తెలియదు! సాయంత్రం చెప్తాను. పాతక్యాసెట్ గారూ, 1978 తర్వాత ఏమైందో కూడా రాయండి, బృందం విడిపోయాక బతకడం ఎలా అన్నదే నా టెన్షన్.

విజయనగరం_సూరి
నేను ఒప్పుకోను. ముందే చెప్తున్నా, ఆ పిల్ల మీద కోపం లేదు. కానీ మాది విజయనగరం. ద్వారం వెంకటస్వామినాయుడు గారు 1919లో ఇక్కడి సంగీత కళాశాలలో చేరి 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. కళ్ళు సరిగ్గా కనపడని మనిషి, నాలుగే తీగలు. ఫిడేలుని ఒంటరిగా కచేరీకి కూర్చోబెట్టింది ఆయన. దానికి అమెరికా వెళ్ళలేదు, రెండో మెడ అతికించలేదు. కమాను మీద ఒత్తిడి ఎంత పెట్టాలి, ఎక్కడ తీసేయాలి, అదే ఆయన ప్రయోగం. ఎలక్ట్రిక్ ఫిడేలులో ఆ ఒత్తిడి వినపడదు. మీ గురువుగారు మాట్లాడకపోవడానికి కారణం అహంకారం అనుకోకండి, తొమ్మిదేళ్ళు చేత్తో దిద్దిన పిల్ల.

డాలస్_రమ
సూరి గారూ, మైసూరు చౌడయ్య గారిని మర్చిపోయారా? మైకుల్లేని రోజుల్లో హాలు చివర వినపడడం లేదని నాలుగు తీగలకి ఇంకో మూడు చేర్చి ఏడు తీగల ఫిడేలు వాయించారు. బెంగళూరులో ఆయన పేరు మీద ఫిడేలు ఆకారంలో హాలే కట్టారు, దాని మీద ఏడు తీగలు కూడా ఉన్నాయి. కర్ణాటక సంగీతంలో తీగలు చేర్చడం శంకర్‌తో మొదలవ్వలేదు.

విజయనగరం_సూరి
చౌడయ్య గారు చేర్చింది గట్టిగా వినపడడానికి. వాయించింది అదే సంగీతం. శంకర్ గారు రాక్ పాటలు చేశారు కదా.

పాతక్యాసెట్
చేశారు, దాచేదేముంది. ఫ్రాంక్ జప్పా అని అమెరికాలో గిటారిస్టు, ఎవరి మాటా వినని మనిషి, ఆయన 1979లో శంకర్‌తో ఒక రికార్డు చేయించాడు. పాటలకి మాటలు జప్పావి, ఫిడేలు శంకర్‌ది. నా దృష్టిలో ఆ రికార్డులో సగం బాగుంటుంది, సగం ఇద్దరూ ఒకరికొకరు దారి ఇవ్వనట్టు ఉంటుంది. ఆ తర్వాత ఎపిడెమిక్స్ అని సొంత రాక్ బృందం కూడా పెట్టారు, అది నాకు ఎక్కలేదు.

కానీ ఆ పక్కనే ఏం చేశారో చూడండి. 1980లో కెన్ పార్కర్ అనే గిటార్లు చేసే ఆయనతో ఆ జంట ఫిడేలు చేయించుకున్నారు. ఊహ శంకర్‌ది, చెక్కింది ఆయన. ఒకే ఒంటికి రెండు మెడలు, మెడకి అయిదు తీగలు. ఒకటి పై స్థాయికి, ఇంకొకటి కింది స్థాయికి. రెండూ కలిపితే డబుల్ బాస్ అడుగు నుంచి ఫిడేలు పై కొస దాకా ఒక్క మనిషి చేతిలోకి వస్తుంది. ఒక మెడ మీద వాయిస్తుంటే రెండో మెడ తీగలు వాటంతటవే పలుకుతాయి, వీణలో పక్క తీగలు గుమ్మని పలికినట్టు. స్టీరియో కాబట్టి ఒక మెడ ఒక స్పీకర్లో, ఇంకో మెడ ఇంకో స్పీకర్లో పెట్టుకోవచ్చు.

ఆ కొత్త ఫిడేలుతో జర్మనీలోని ఈసీఎం అనే రికార్డు కంపెనీకి చేసిన మొదటి రికార్డు ‘హూజ్ టు నో’. అందులో ఏం వాయించారు? రాక్ కాదు, జాజ్ కాదు. మన కర్ణాటక కచేరీలో ముఖ్య భాగమైన రాగం తానం పల్లవి! మృదంగం ఉమయాళ్పురం శివరామన్ గారు, తబలా జాకీర్. తాళం వేసింది వాళ్ళ నాన్నగారు. సూరి గారూ, మీరు ఇది వినకుండా తీర్పు చెప్పొద్దు.

విజయనగరం_సూరి
వినలేదు. వింటాను.

అనంతపురం_బాషా
ఇంట్లో మా తమ్ముడు కీబోర్డు, నేను పెళ్ళి ఆర్కెస్ట్రాలో పద్నాలుగేళ్ళు వయొలిన్ వాయించాను. కాకినాడ నాన్నగారూ, మీరు అడిగిన బతుకు ప్రశ్నకి నేను చెప్పగలిగేది ఇది. ఎలక్ట్రిక్ కొన్న రోజు నాకు పండగ. ఆరు నెలలు దాని పెడళ్ళతో ఆడుకున్నాను, ఎకో పెడితే ఎవరు వాయించినా దేవలోకంలా ఉంటుంది. ఒక రోజు కరెంటు పోయింది, స్టేజి మీద మామూలు ఫిడేలు అందుకున్నాను. నా గమకం, అదే స్వరాన్ని ఊపి జార్చే తీరు, నాకే వినబుద్ధి కాలేదు. వేలు జారాల్సిన చోట దూకుతోంది. ఎకో కింద ఆర్నెల్లు ఆ తప్పు దాక్కుంది. అది సరి చేసుకోవడానికి ఏడాది పట్టింది. నేను వద్దనడం లేదు, రోజూ కరెంటు లేకుండా రెండు గంటలు వాయించాకే ప్లగ్ పెట్టమనండి.

కుర్రకారు99
బాషా అన్న చెప్పింది పోస్టర్ చేసి గోడకి పెట్టాలి.

బెజవాడ_సౌండు
నేను మైకుల వాణ్ణి, ఆ వైపు నుంచి చెప్తాను. ఎలక్ట్రిక్ ఫిడేలుకి పొట్ట ఉండదు. మామూలు ఫిడేలులో శబ్దం పుట్టేది ఆ ఖాళీ పెట్టెలో, తీగ కింద బ్రిడ్జి వణికితే పై చెక్క వణుకుతుంది, లోపల గాలి కదులుతుంది. గట్టి చెక్కతో చేసిన ఎలక్ట్రిక్‌లో ఆ పెట్టె లేదు కాబట్టి స్పీకర్ లేకుండా వాయిస్తే దోమ పాడినట్టు ఉంటుంది. శబ్దం సగం ఆంప్లిఫయర్, స్పీకర్ తయారు చేస్తాయి. అంటే ఎలక్ట్రిక్ కొనడం అంటే వాద్యం ఒక్కటే కొనడం కాదు, దాని పొట్ట విడిగా కొనడం. చాలామంది వాద్యానికి డబ్బు పెట్టి నాసిరకం స్పీకర్‌కి తగిలించి “గీరుతోంది” అంటారు. గీరేది ఫిడేలు కాదు.

సూరి గారు చెప్పిన కమాను ఒత్తిడి విషయం: తీగ వణుకుని పట్టి స్పీకర్‌కి పంపే పికప్ మంచిదైతే వినపడుతుంది. కచేరీల్లో మామూలు ఫిడేలుకి కాంటాక్ట్ మైకు అంటించి వాల్యూమ్ తెగ పెంచినప్పుడు పోయేంత ఎలక్ట్రిక్‌లో పోదు. ఇది నేను బోర్డు దగ్గర రోజూ చూస్తున్నది.

విజయనగరం_సూరి
కాంటాక్ట్ మైకు విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. అది ఫిడేలుకి పట్టిన శని.

గోదారిగట్టు
కాకినాడ అంటున్నారు, మన తూర్పుగోదావరి వాడే బాలమురళీకృష్ణ గారు. శంకరగుప్తం. ఆయన వయోలా వాయించేవారని ఎంతమందికి తెలుసు? ఫిడేలు కంటే పెద్దది, గొంతు లోతుగా ఉంటుంది, దాన్ని కర్ణాటక కచేరీలో పెట్టారు. నాలుగు స్వరాలతో లవంగి, మహతి రాగాలు కట్టారు, అప్పుడూ రాగమంటే ఇన్ని స్వరాలుండాలి అని పెద్ద గొడవే. బెజవాడలో అన్నవరపు రామస్వామి గారు ఫిడేలు విద్వాంసులు, వందన, శ్రీనివాసి అని రాగాలు, త్రినేత్రాది, వేదాది అని తాళాలు సృష్టించారు, 2021లో పద్మశ్రీ ఇచ్చారు. ఇద్దరూ పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యులే. మన ప్రాంతంలో ప్రయోగం చేసినవాళ్ళు బయటివాళ్ళు కాదు, పూర్తిగా లోపలివాళ్ళు. గురువుగారికి ఇలా చెప్తే దారికి రావచ్చు.

డాలస్_రమ
పాలకొల్లు కూడా చెప్పండి గోదారిగట్టు గారూ, మీ పక్క జిల్లానే! మాండొలిన్ శ్రీనివాస్. ఎలక్ట్రిక్ మాండొలిన్, ఎనిమిది తీగలు జంటలుగా ఉండేదాన్ని అయిదు ఒంటి తీగలు చేసుకున్నారు గమకం పలకడానికి. మొదట్లో ఇదేం వాద్యం అన్నవాళ్ళే తర్వాత ముందు వరసలో కూర్చున్నారు. ఇంకో విషయం. మెక్‌లాఫ్లిన్, జాకీర్ కలిసి 1997లో మళ్ళీ శక్తిని మొదలుపెట్టినప్పుడు అందులో శంకర్ లేరు. తర్వాత ఫిడేలు ఉండాల్సిన చోటులో వినపడింది మన శ్రీనివాస్ మాండొలినే. ఆయన 2014లో పోయారు, 45 ఏళ్ళకే. ఇప్పటికీ రాస్తుంటే చెయ్యి ఆడదు.

శ్రుతి_లయ
రమ గారూ 😔

తర్వాత 2023లో శక్తి కొత్త రికార్డు చేస్తే ఫిడేలు గణేశ్ రాజగోపాలన్ వాయించారు, దానికి 2024లో గ్రామీ వచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో జాకీర్ గారు కూడా వెళ్ళిపోయారు.

కాకినాడ_నాన్న
అందరికీ దండాలు. ఇంత సమాచారం వస్తుందనుకోలేదు. కానీ నా రెండో ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఇంత చేసిన ఆయన పేరు ఇక్కడ ఎందుకు వినపడదు? వాళ్ళ అన్నగారు సుబ్రహ్మణ్యం గారు తెలుసు అందరికీ. మా ఆవిడకి కూడా తెలుసు, డాక్టరు చదివి ఫిడేలు వాయించారు కదా అంది, అది తప్ప వేరే ఏమీ గుర్తు లేదు ఆవిడకి.

శ్రుతి_లయ
అమ్మల జ్ఞాపకశక్తి ఎంబీబీఎస్ దగ్గర ఆగుతుంది 😀 కానీ నిజమే, మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివారు ఆయన. ఆయన దారి సింఫనీల వైపు వెళ్ళింది, 1985లో జుబిన్ మెహతా నడిపిన న్యూయార్క్ ఫిల్‌హార్మనిక్‌తో సొంత రచన వాయించారు. నాన్నగారి పేరు మీద ఉత్సవం నడుపుతున్నారు. 2025లో పద్మ విభూషణ్ వచ్చింది. ఇక్కడ కూడా కచేరీలు చేస్తూ వచ్చారు, అందుకే తెలుసు.

పెద్దాయన వైద్యనాథన్ మనకి ఇంకా దగ్గర, పేరు తెలియకపోయినా. సింగీతం శ్రీనివాసరావు గారి ‘పుష్పక విమానం’కి సంగీతం ఆయనదే. మాటల్లేని సినిమాలో సంగీతం ఎంత పని చేసిందో మళ్ళీ చూడండి. మాల్గుడి డేస్ టీవీలో వచ్చింది కదా, అదీ ఆయనే.

పాతక్యాసెట్
శంకర్ పేరు వినపడకపోవడానికి నాకు తోచిన కారణం చెప్తాను. రికార్డుల దుకాణంలో ఆయన ఏ ఒక్క అలమరలోనూ పట్టలేదు. 1980ల్లో ఈసీఎంలో నార్వే శాక్సఫోన్ విద్వాంసుడు యాన్ గర్బారెక్‌తో చేసిన రికార్డులు జాజ్ అలమరలో పెట్టారు. 1989లో ఇంగ్లండ్ రాక్ గాయకుడు పీటర్ గాబ్రియెల్ ఒక సినిమాకి చేసిన ‘ప్యాషన్’ సంగీతంలో ఆ జంట ఫిడేలు ఏడుస్తుంటే వినాలి, అది సినిమా అలమరలో పెట్టారు. తర్వాత అదే గాబ్రియెల్‌తో స్టేడియాల్లో వాయించారు, అది రాక్ అలమర. 1995లో వచ్చిన ‘రాగ ఆభేరి’ గ్రామీకి నామినేట్ అయింది, అది వరల్డ్ మ్యూజిక్ అలమర. పేరు స్పెల్లింగు కూడా తర్వాత మార్చుకున్నారు, షెంకర్ అని. పాత రికార్డు కొన్నవాడికి కొత్త రికార్డు అదే మనిషిదని తెలియదు. ఇదంతా కలిపితే యాభై ఏళ్ళ పని. మన సభల్లో డిసెంబర్ సీజనుకి సీజను కనపడితేనే పేరు నిలుస్తుంది.

నాకు దీని మీద బాధ ఉంది. ఎందుకంటే ఆ అలమరలన్నిటిలోనూ ఉన్నది ఒకే మనిషి, ఒకే చెయ్యి. ‘ప్యాషన్’లో ఆయన పట్టిన ఒక్క స్వరం వినండి. పైనుంచి కిందికి జారే తీరు మన వాళ్ళదే. పాశ్చాత్య ఫిడేలు చెయ్యి అలా జారదు, ఎందుకంటే వాళ్ళు గడ్డం కింద పెట్టి ఎడమచేత్తో మెడని కూడా మోయాలి. మనవాళ్ళు నేల మీద కూర్చుని ఫిడేలు తల పాదం మీద ఆనిస్తారు, చెయ్యి ఖాళీ, తీగ పొడుగునా ఎక్కడికైనా వెళ్తుంది.

కుర్రకారు99
ఆభేరి అంటే ‘నగుమోము’ రాగమే కదా?

మృదంగం_మూర్తి
అదే. త్యాగరాజస్వామి కీర్తన.

కాకినాడ నాన్నగారూ, మీ పాపకి ఒక పని చెప్తాను. ‘పంచ నడై పల్లవి’ అని శంకర్ గారి రికార్డు ఉంది, జాకీర్, విక్కు గార్లతో. శంకరాభరణం. తాళం తొమ్మిదిన్నర అక్షరాలు. మళ్ళీ చదవండి, తొమ్మిదిన్నర. దాని మీద అయిదు నడకల్లో పల్లవి. అక్షరానికి నాలుగు మాత్రలుండే చతురశ్రంలో అయితే ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టుకి, 38 మాత్రలు, సుఖంగానే సరిపోతాయి. అక్షరానికి మూడుండే తిశ్రంలోకి రాగానే ఇరవై ఎనిమిదిన్నర. అయిదుండే ఖండంలో నలభై ఏడున్నర. ఆ అర ఎక్కడ పెడతారు? రెండు ఆవర్తనాలు కలిపితే గానీ లెక్క తేలదు, అప్పటిదాకా ఆ అరని మనసులో మోయాలి. నేను నలభై ఏళ్ళుగా మృదంగం వాయిస్తున్నాను, మొదటిసారి విన్నప్పుడు రెండో నడకలోనే నా చెయ్యి తప్పింది. కాగితం మీద గీతలు గీసుకుని మళ్ళీ మొదటినుంచి పెట్టాను.

పాపని అది చేత్తో వేసుకుంటూ వినమనండి. తీగలు పది ఉన్నాయా నాలుగున్నాయా అన్నది దాని తర్వాతి మాట.

అనంతపురం_బాషా
మూర్తి గారు చెప్పినదానికి వెయ్యి లైకులు.

విజయనగరం_సూరి
విన్నాను. ‘హూజ్ టు నో’ రెండు సార్లు, రాత్రి పదకొండు దాటింది.

ఒక మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది మన సంగీతం కాదని ఎవరూ అనలేరు. రాగం మొదట్లో కింది మెడ మీద ఆయన షడ్జం పట్టుకున్న తీరు, అంత కింద ఫిడేలు వినడం నాకు అలవాటు లేదు, మగ గొంతు మంద్రంలో నిలబడినట్టు ఉంది. తానం బాగుంది. పల్లవి చాలా బాగుంది.

రెండో మాట వెనక్కి తీసుకోను. తీగ పలుకులో చెక్క లేదు. ద్వారం వారి పాత రికార్డు, గరగరలాడే రికార్డు, అందులో కూడా చెక్క వినపడుతుంది. అది నాకు కావాలి. ఇందులో అది లేదు. ఇష్టం వేరు, గౌరవం వేరు, ఈయన మీద గౌరవం వచ్చింది.

డాలస్_రమ
సూరి గారూ, రాత్రి పదకొండు దాకా కూర్చుని విన్నందుకు థాంక్స్. ఈ వేదికలో వినకుండా రాసేవాళ్ళే ఎక్కువ.

కాకినాడ నాన్నగారూ, ఆడపిల్ల కదా అని ఎవరైనా అంటే చెప్పండి: ఆ జంట ఫిడేలు వాయించే వాళ్ళలో జింజర్ శంకర్ ఉన్నారు, సుబ్రహ్మణ్యం గారమ్మాయి. ‘ద ప్యాషన్ ఆఫ్ ద క్రైస్ట్’ సినిమాకి (పైన చెప్పిన ‘ప్యాషన్’ కాదు, ఇది వేరు) బాబాయి శంకర్‌తో కలిసి వాయించారు, పాడారు. మన విజయనగరం అమ్మాయి అవసరాల కన్యాకుమారి గారు ఫిడేలు, వీణ, నాదస్వరం కలిపి వాద్యలహరి చేశారు, 2016లో సంగీత కళానిధి బిరుదు వచ్చింది. ఎం.ఎల్. వసంతకుమారి గారి పక్కన ఏళ్ళ తరబడి పక్కవాద్యం వాయించిన చెయ్యి అది.

గోదారిగట్టు
అన్నిటిలోనూ పక్కవాద్యమే వస్తోంది చూశారా. శంకర్ పరిశోధన, కన్యాకుమారి గారు, బాలమురళి గారు కూడా చిన్నప్పుడు ఫిడేలు పక్కవాద్యం వాయించినవారే. ఎదుటి మనిషి ఏం పాడబోతున్నాడో తెలియకుండా వెంట వెళ్ళడం కంటే పెద్ద ప్రయోగం ఏముంది? రోజుకో కొత్త పరీక్ష. గురువుగారు మీ పాపని ఇప్పటికే అందులో దింపారు.

కాకినాడ_నాన్న
వారం తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమనుకోకండి.

మృదంగం మూర్తి గారు చెప్పినట్టే చేశాం. ముందు ఇంట్లో. అన్నాల బల్ల మీద చేత్తో తొమ్మిదిన్నర వేస్తూ కూర్చుంటోంది, పప్పు గిన్నె రెండు సార్లు ఒలికింది. నిన్న చిన్న స్పీకర్ పట్టుకుని నేనూ తనూ గురువుగారింటికి వెళ్ళాం. నేను పాతక్యాసెట్ గారు రాసిన పరిశోధన సంగతి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, పెట్టమన్నారు. ‘హూజ్ టు నో’ పెట్టాం.

రాగం అంతా కళ్ళు మూసుకుని ఉన్నారు. నచ్చిందో లేదో తెలియలేదు, నాకు చెమట పట్టింది. తానం మధ్యలో ఎడమచేతి వేళ్ళు తొడ మీద కదలడం మొదలయ్యాయి. ఆయన చూపుడు వేలి చివర తీగ గాడి ఉంది, అరవై ఏళ్ళ గాడి, నేను ఇంతకాలం గమనించనే లేదు. పల్లవి వచ్చాక కుడిచేత్తో తాళం వేస్తూ ఒక్కసారి కళ్ళు తెరిచి “ఆ తాళం వేస్తున్నదెవరు?” అని అడిగారు. “వాళ్ళ నాన్నగారట” అన్నాను. కాసేపు నా వంక చూశారు. మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

అయిపోయాక మా అమ్మాయితో అన్నది ఒకటే మాట. “తానం ఇంకోసారి పెట్టు.”

తర్వాత తొమ్మిదిన్నర సంగతి తను చెప్పింది, వేసి చూపించమన్నారు. తిశ్రంలో తప్పింది. ఆయన వేశారు. ఆయనకీ ఓ చోట తప్పింది, నవ్వారు. ఇద్దరూ కూర్చుని గంటన్నర అదే వేశారు, నేను వరండాలో కూర్చుని పేపర్ చదివాను.

ఎలక్ట్రిక్ మాట ఇప్పటికి పక్కన పెట్టాం. మామూలు ఫిడేలుకే కింద ఇంకో తీగ, అనుమంద్ర పంచమానికి, కట్టి చూద్దామా అని గురువుగారే అన్నారు. పాత ఫిడేలు ఒకటి ఆయన దగ్గర వాడకుండా పడి ఉందట, అది ఇస్తానన్నారు. బెజవాడ సౌండు గారూ, దానికి వయోలా తీగ సరిపోతుందా?

బెజవాడ_సౌండు
వయోలాది వద్దు, అది పొడుగు వాద్యానికి చేసింది, ఫిడేలు మీద వదులుగా కొట్టుకుంటుంది. ఫిడేలు కొలతకే చేసిన సి తీగ దొరుకుతుంది, అది అడగండి. బిరడ ఇంకొకటి పెట్టాలి, బ్రిడ్జి కొత్తది చెక్కించాలి, అయిదు గాళ్ళతో. అది సొంతంగా చేయకండి, పనివాడికి ఇవ్వండి. పాతదైతే పై చెక్క ఎక్కడైనా విడిందేమో ముందు చూపించండి. ఏ శ్రుతికి కడతారు?

కాకినాడ_నాన్న
అడిగి రాత్రికి చెప్తాను. ఇప్పుడు గురువుగారింట్లోనే ఉంది.